సోని పది గంటలకే వచ్చింది

రూప్లి పాట మీద సర్కారు ఫైలు ఒకటి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ల నౌకరీలో పోడు భూముల ఫైళ్లు చూశాను, కూలిన బడి గోడల ఫైళ్లు చూశాను, ఒక దున్నపోతు ఎవరిదో తేల్చలేక నాలుగేళ్లు నడిచిన ఫైలు కూడా చూశాను. పాట మీద ఫైలు మాత్రం ఇదొక్కటే. దాన్ని దారం వేసి కుట్టింది నేను. ఆమె వాంగ్మూలం రాసిందీ నేనే. అడవి అంచున ఉన్న ఒక మండలాఫీసులో నేనప్పుడు సీనియర్ అసిస్టెంటుని. ఊరు పేరు ఎందుకులెండి, ఆ కుర్చీలో ఇప్పుడు వేరే ఆయన ఉన్నాడు.

రూప్లిది రాయిచెలక తండా. టేకులపల్లి దాటాక బస్సు దిగి అడవిలోకి మూడు కిలోమీటర్లు నడవాలి. ఆమె పుట్టింది ఇల్లెందు వైపు. పదిహేనేళ్లకు భీమ్లాతో పెళ్లయి ఇక్కడికి వచ్చింది. ఎకరన్నర చెలక, అందులో పత్తి. ఎండలు ముదరకముందు ఇప్పపువ్వు, ముదిరాక తునికాకు, మిగతా రోజుల్లో కూలి. భీమ్లా మంచివాడే గానీ నోట్లో మాట ఉండదు. ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ రూప్లే మాట్లాడేది. నేను చూసేనాటికి ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. సన్నటి మనిషి. గొంతు మాత్రం మనిషికి మించింది.

ఆ చుట్టుపక్కల తండాల ఆడవాళ్లకు ఢావలో అని ఒకటుంది. పాట అన్నా సరే, ఏడుపు అన్నా సరే. చుట్టం చాన్నాళ్లకు కనబడినా, పిల్లను అత్తారింటికి సాగనంపుతున్నా, ఇంట్లో మనిషి పోయినా ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని రాగం తీస్తారు. రాగం పాతదే, మాటలు మాత్రం ఆ రోజువి. ఎద్దు ఎట్లా చచ్చింది, అల్లుడు తాగుడు మానాడా లేదా, ముసలాయన చివరికి ఏం తిన్నాడు, అన్నీ అందులో వస్తాయి. నేను మధిర వైపు వాణ్ని. మొదట్లో బస్టాండులో ఇద్దరు అట్లా పట్టుకుని ఏడుస్తుంటే ఏదో ఘోరం జరిగిందనుకుని దగ్గరికి పోయాను. వాళ్లు కళ్లు తుడుచుకుని నవ్వారు. ఏమీ లేదట, ఆరు నెలల ముచ్చట్లు చెప్పుకుంటున్నారట.

అయితే పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి రాగం తీస్తే ఒక కట్టుబాటు ఉంది. జరిగింది జరిగినట్టే చెప్పాలి. మామూలుగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అబద్ధాలాడే ఆడది కూడా అందులో ఒక్క మాట కలపదు. ఎందుకని రూప్లిని అడిగాను. ఆమె నన్ను తెలివి తక్కువవాణ్ని చూసినట్టు చూసింది.

"సచ్చినామె ఇంటుంటది గద సారూ" అంది.

రూప్లి ఢావలోకు పేరున్న మనిషి. చావు ఇంట్లో ఆమె వచ్చిందంటే ఆ మనిషి బతుకంతా వరసగా బయటికి వస్తుందని చెప్పుకునేవారు. పక్క తండాల నుంచి మనిషిని పంపి పిలిపించుకునేవారు. ఒక్క చీర కూడా పుచ్చుకోదు. అన్నం తిని వచ్చేది.

రెండు వేల తొమ్మిదిలో, ఎండాకాలం ముందర, ఆ అడవిలోకి రేడియో వచ్చింది. పెద్ద రేడియో కాదు. ఒక సేవాసంస్థ వాళ్లు రెండు గదులు కట్టి, పక్కన ఇనుప స్తంభం నిలబెట్టి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మాట్లాడేవారు. పది కిలోమీటర్లు దాటితే గరగర తప్ప ఏమీ వినబడదు. దాన్ని నడిపే అమ్మాయి కళ్యాణి. పినపాక దిక్కు తండా పిల్ల, ఖమ్మంలో డిగ్రీ చదివింది. లైసెన్సు కోసం ఢిల్లీకి కాగితాలు పంపుతూ, తప్పులు దిద్దుతూ, మళ్లీ పంపుతూ రెండేళ్లు గడిపింది. ఆఖరికి ఒప్పందం వచ్చింది. అందులో ఒక షరతు ఉంది. వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయరాదు.

అంటే పాటలు పాడుకోవచ్చు. పత్తికి తెగులొస్తే ఏం కొట్టాలో చెప్పొచ్చు. పిల్లలకు టీకాలు వేయించమనొచ్చు. ఊళ్లో ఏం జరిగిందో మాత్రం చెప్పకూడదు. ఆ షరతు రాసినవాళ్లు ఎదురుపడితే ఒక్క మాట అడగాలని నాకిప్పటికీ ఉంది. హైదరాబాదులో టీవీలు ఇరవై నాలుగు గంటలూ వార్తలే అరుస్తున్నాయి. పేపర్ల వాళ్లు జిల్లా పేజీల్లో తోచింది రాస్తున్నారు. చదువు రాని తండాకు పేపరు ఎందుకు? కరెంటు రాని గూడేనికి టీవీ ఎందుకు? వాళ్లకు అక్కరకు వచ్చేది ఆ చిన్న రేడియో ఒక్కటే, దాని నోరే కట్టారు. ఇంకేమన్నా అంటే పెన్షన్ మీద పడతారని ఊరుకుంటున్నాను.

కళ్యాణి గోడకు ఒక చార్టు అంటించింది. చెప్పొచ్చు ఒక వైపు, చెప్పొద్దు ఒక వైపు. ఆ మార్చిలోనే ఇప్పపువ్వు ఏరడానికి పోయిన ఒకాయన్ని వాగు అవతల ఎలుగుబంటి కొట్టింది. అది చెబితే వార్త. పాపం ఆ పిల్ల గంటసేపు కూర్చుని రాసుకుని ఇట్లా చదివింది: "ఇప్పపువ్వుకు పోయేవాళ్లు ఎప్పుడైనా గుంపుగా పోవాలి. ఈ వారం ఇంకా గుంపుగా పోవాలి. వాగు అవతలికి అసలు పోకపోతే మంచిది." అందరికీ అర్థమైంది. ఎవరూ అటు పోలేదు. అది అడవి జంతువుల మీద అవగాహన కార్యక్రమం కింద రిజిస్టరులో చేరింది.

రూప్లికి మంగళవారాలు ఆరున్నరకు అరగంట ఇచ్చారు. తీజ్ పండుగ పాటలు, పెళ్లి పాటలు, అప్పుడప్పుడూ ఏ కాలం నాటివో పాత ఢావలోలు పాడేది. మైకు ముందు మొదటి రోజు ఆమె అటూ ఇటూ చూసి, "ఎవర్ని పట్టుకోవాలె?" అని అడిగిందట. ఎదురుగా మనిషి లేకుండా ఆమెకు రాగం రాదు. కళ్యాణి వచ్చి పక్కన కూర్చుంది. అప్పటినుంచి ప్రతి మంగళవారం కళ్యాణి పక్కన కూర్చోవలసిందే.

ఆగస్టులో సోని చనిపోయింది. సోని భర్త లాలు భీమ్లాకు అన్న కొడుకు, రాయిచెలక తండావాడే. వాళ్లకు మూడేళ్ల పాప ఉంది. ఇది రెండో కాన్పు. తెల్లవారుతుండగా నొప్పులు మొదలైతే ఆటో మాట్లాడుకుని మండలంలోని సర్కారు దవాఖానాకు తెచ్చారు. తోడుగా రూప్లి వచ్చింది. వాళ్లు మెట్లెక్కేసరికి గోడ గడియారం పది కొడుతోంది. సోని నడిచే ఎక్కింది. కాసేపటికి రక్తం పోవడం మొదలైంది. నర్సు చూసి, ఇది ఇక్కడ కాదు, పెద్ద దవాఖానాకు పోవాలంది. ఆటోలో కుదుపులకు ఇంకా పోతుంది, మన బండిలో పడుకోబెట్టి తీసుకుపోదాం, వస్తోంది, వస్తోంది అంటూ ఉంది. దవాఖానా బండి ఆ పొద్దున ఏదో మీటింగుకు కుర్చీలు వేసుకుని పోయింది. రెండున్నరకు సోని ప్రాణం పోయింది, కడుపులో బిడ్డతో సహా. నాలుగింటికి బండి వచ్చింది. కుర్చీలు ఇంకా దాంట్లోనే ఉన్నాయి.

దవాఖానా రిజిస్టరులో ఇట్లా రాశారు: మధ్యాహ్నం రెండున్నరకు, స్పృహ లేని స్థితిలో తీసుకువచ్చారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ కింద నాలుగు లైన్లు. ఇంటి వద్దే ఆలస్యం చేయడంతో గర్భిణి మృతి. అది రాసినతను తండాకు రాలేదు, దవాఖానాకు ఫోన్ చేసి రాసుకున్నాడు. ఆ మాట అతనే నాకు చెప్పాడు, సిగ్గు కూడా పడలేదు.

సోని తండ్రి చందూలాల్‌ది వాగు అవతల ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న తండా. నాలుగు అక్షరాలు చదువుతాడు. ఆ పేపరు చదివాడు. కర్మలైపోగానే నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, "పొద్దుగాల్ల నొప్పులొస్తే పగటీలి దాన్క ఇంట్ల పెట్టుకొని సంపినవ్. ఈ పిల్లనన్న బతుకనియ్" అని లాలు చంకలోంచి పాపను తీసుకుని పోయాడు. లాలు దవాఖానాకు తెచ్చామని చెబుతూనే ఉన్నాడు. ఎంతకు తెచ్చామో కూడా చెప్పాడు. పేపర్లో అచ్చయిందాని ముందు అతని మాట ఎవరు వింటారు?

రూప్లి ఊరుకోలేదు. సోని తల్లిని పట్టుకుని రాగం తీస్తే అంతా తేలిపోతుందని వాగు దాటి ఆ తండాకు పోయింది. వాళ్లు తలుపు తీయలేదు. లాలు తండా మనుషుల మొహం చూసేది లేదని లోపలినుంచే చెప్పారు. పట్టుకోవడానికి మనిషి లేకుండా ఢావలో ఎట్లా సాగుతుంది? గంటసేపు వాకిట్లో కూర్చుని వెనక్కు వచ్చింది. ఆమె జీవితంలో చావు ఇంటికి పోయి నోరు తెరవకుండా వచ్చింది ఆ ఒక్కసారే.

తరువాతి మంగళవారం ఆరున్నరకు రూప్లి మైకు ముందు కూర్చుంది. తీజ్ పాట ఉంటుందని రిజిస్టరులో రాసి ఉంది. కళ్యాణి పక్కన కూర్చుంది. రూప్లి ఆమెను పట్టుకుని సోనిని పేరు పెట్టి పిలిచింది.

ఆ పాట తర్వాత నేను ఏడెనిమిది సార్లు విన్నాను, నౌకరీలో భాగంగా. కళ్యాణి చెప్పిన తెలుగు ఇట్లా ఉంటుంది. సోనీ, నీ తల్లి తలుపు మూసుకుంది, అందుకే నిన్ను ఇక్కడినుంచి పిలుస్తున్నా. పది గొట్టంగ నా ముందు నడుచుకుంట మెట్లెక్కినవ్. మంచి నీళ్లడిగినవ్, నేనే పోసిన. బండి కుర్చీలు మోస్తున్నది బిడ్డా, నిన్ను మోసే బండి కుర్చీలు మోస్తున్నది. లాలు మూడుసార్లు రోడ్డు మీదికి ఉరికిండు. మూడుసార్లు ఒక్కడే వచ్చిండు. ఇట్లా పద్దెనిమిది నిమిషాలు. నర్సు పేరు ఉంది, బండి రంగు ఉంది, గోడ గడియారం ఉంది. మిషన్ దగ్గర కూర్చున్న రాజేష్ కోయ పిల్లగాడు, లంబాడీ మాట రాదు. పాట బాగుందనుకుని ఊరుకున్నాడు. కళ్యాణికి వచ్చు. కానీ కళ్యాణి కూడా ఏడుస్తోంది. అంత ఏడుపులో ఒప్పందంలో ఎన్నో షరతు ఏమిటో ఎవరికి గుర్తుంటుంది!

రూప్లి దృష్టిలో తను పాట పాడింది. పాట పాడొచ్చని చార్టులో రాసి ఉంది. జరిగింది చెప్పకూడదని కూడా రాసి ఉంది గానీ, జరిగింది చెప్పని ఢావలో ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. ఆ రెండూ వేరువేరని తండాలో పుట్టిన ఏ ఆడమనిషీ అనుకోదు.

చందూలాల్ ఇంట్లో రేడియో ఉంది. రూప్లి ఇంటికి వస్తే తలుపు మూశారు గానీ, రేడియో కట్టేయాలని తోచలేదు. సోని తల్లి పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి వాకిట్లో కూర్చుని ఆఖరు దాకా విన్నది. మర్నాడు పొద్దున చందూలాల్ పాపను చంకనేసుకుని తనే వాగు దాటి వచ్చాడు. లాలుకు ఇచ్చాడు. క్షమించమని అడగలేదు, ఎవరూ అడగమనలేదు. రూప్లి పేరు పెట్టి పిలిచి చెప్పింది, ఇంక దానికి సాక్ష్యం అక్కర్లేదు.

సర్కారుకు మాత్రం కావాలి. దవాఖానాలో ఎవరికో లంబాడీ మాట వచ్చు. ఫిర్యాదు పైకి పోయింది. ఢిల్లీ దాకా పోయి, అక్కడినుంచి ఒక్కో మెట్టూ దిగుతూ అక్టోబరులో మా ఆఫీసుకు వచ్చింది, ఏడు సంతకాలతో. మా విచారణాధికారి తేల్చాల్సినవి రెండు ప్రశ్నలు. ఆ రోజు ప్రసారమైంది పాటా, వార్తా? వార్త అయితే అనుమతి ఎందుకు రద్దు చేయకూడదు? ఆ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. సోని ఎన్ని గంటలకు వచ్చిందన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. ఒళ్లు మండింది. ఒళ్లు మండినా ఇన్వర్డ్ నంబరు వేసి లోపల పెట్టాను.

సంస్థ వాళ్లు హైదరాబాదులో వకీలును అడిగారు. ఆయన సులువైన దారి చెప్పాడు. అది సంప్రదాయ గేయం, అందులోని మనుషులు, సంఘటనలు కల్పితం అని పాడినామెతో రాయించండి, కేసు అక్కడితో సరి. ఆ కాగితం పట్టుకుని కళ్యాణి రాయిచెలక వచ్చింది. రూప్లి పత్తి ఏరుతోంది. కళ్యాణి కూడా ఒక సాలు పట్టుకుని ఆమె పక్కనే ఏరుతూ విషయం చెప్పింది. ఆ రోజు ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఇద్దరూ వేరువేరుగా నాకు చెప్పారు, తేడా లేదు.

"కల్పితం అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది రూప్లి.

"జరగంది జరిగినట్టు చెప్పుడు యాడీ." యాడీ అంటే వాళ్ల మాటలో అమ్మ.

"సోని రాలేదనా?"

"వచ్చింది. కాగితంల మాత్రం గట్ల రాయాలె. రాయకపోతే రేడియో మూస్తరు. రెండేండ్లు తిరిగిన యాడీ దానికోసం. ఆరుగురం బతుకుతున్నం. మన మాట రేడియోల వచ్చుడు ఎప్పుడన్న ఇన్నవా ఇంతకుముందు?"

రూప్లి పత్తి వొడిలో వేసుకుంటూనే ఉంది. ఆమెకు ఆ రేడియో అంటే ప్రాణం. మంగళవారం వస్తే పొద్దున్నే తలస్నానం చేసి, ఉన్నవాటిలో కొత్త అద్దాల రైక వేసుకునేది, రేడియోలో మనిషి కనబడదని ఎంత చెప్పినా వినేది కాదు.

"సందూలాల్ ఇంటడా గా మాట?" అని అడిగింది ఆఖరికి.

"ఆఫీసుల కాగితం. ఆయనకెట్ల దెలుస్తది?"

తెలియకుండా ఎట్లా ఉంటుంది? రూప్లి పాట అబద్ధమని ఒప్పుకోబోతోందని దవాఖానా వాళ్లు అప్పటికే సంతలో చెప్పి పెట్టారు. చందూలాల్ లాలుకు మనిషితో కబురు పంపాడు. రూప్లి గట్ల రాసిస్తే పిల్లను మళ్లా తీస్కపోత. విచారణ రోజు లాలు పాపను ఎత్తుకుని మా ఆఫీసు వరండాలో ఒక మూల కూర్చున్నాడు. చందూలాల్ ఇంకో మూల కూర్చున్నాడు. పాప మాత్రం ఆ మూలకూ ఈ మూలకూ తిరుగుతోంది.

పదకొండింటికి లోపలికి పిలిచాం. విచారణాధికారి చెడ్డవాడు కాదు. ఆ పొద్దున నాతోనే అన్నాడు, "పాట అని రాసి పంపించేద్దామయ్యా, ఎందుకొచ్చిన గోల" అని. కల్పితమన్న వాక్యంతో సహా వాంగ్మూలం ముందే టైపు చేయించి పెట్టాం. వేలిముద్ర ఒక్కటే తక్కువ. టేపు పెట్టి రెండు నిమిషాలు విని ఆపేశాడు.

"ఇది పాడింది నువ్వేనా అమ్మా?"

"అవ్ సారూ, నేనే."

"ఇది పాటేనా?"

"పాటే."

కళ్యాణి ఊపిరి వదలడం నాకు వినబడింది. ఆయన కాగితం తీసి చదివి వినిపించాడు. పేరు, భర్త పేరు, తండా, అన్నిటికీ రూప్లి తల ఊపింది. ఆఖరి వాక్యం దగ్గర చేయి ఎత్తింది.

"గదొక్కటి తీసేయుండ్రి."

"ఏది?"

"కల్పితమని ఉన్నది సూడు, గది."

ఆయన ఓపిగ్గానే చెప్పాడు. అది తీసేస్తే జరిగిన సంగతి చెప్పినట్టవుతుంది, జరిగిన సంగతి చెబితే వార్త అవుతుంది, వార్త అయితే రేడియో మూతపడుతుంది. రూప్లి శ్రద్ధగా విన్నది. చిన్నపిల్లలకు చెప్పినట్టు రెండోసారి చెప్పాడు, రెండోసారీ విన్నది.

"సమజైంది సారూ. పాట అని రాస్తవో వార్త అని రాస్తవో నీ ఇష్టం. గా పొల్ల పది గంటలకు మెట్లెక్కింది, నేను రెక్క పట్టుకొనున్న. రేడియోల సోనిని పేరు వెట్టి పిలిసి జెప్పిన. మళ్ల ఈడికొచ్చి, సోనీ నువ్వు రాలేదు అని ఎట్ల జెప్త? మూస్తే మూయుండ్రి." ఆగింది. "నాక్కూడ మూయొద్దనే ఉన్నది."

ఆయన కళ్యాణి వైపు తిరిగాడు. సంస్థ తరఫున చెప్పాల్సింది ఆమె. ఇంకా దారి ఉంది. ఈమె చదువు రానిది, దుఃఖంలో ఏదో అంటోంది, మా దృష్టిలో అది గేయమే అని కళ్యాణి ఒక్క మాట అంటే ఆయన అదే రాసుకునేవాడు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల చేతిలో వకీలు రాసిన కాగితం ఉంది. దాన్ని చూసింది, రూప్లిని చూసింది.

"ఆమె చెప్పింది నిజం సార్. మీరడిగేది గదే అయితే, అది వార్తనే" అంది.

బయట చందూలాల్ లేచి నిలబడ్డాడు. కిటికీ తెరిచే ఉంది, అంతా విన్నాడు. అయినా పాప వైపు చూస్తూ, "నోటి మాటకు ఏమున్నది, రేపు కాగితంల ఇంకోటి రాస్తరు" అన్నాడు. ఆ అనుమానం తప్పని నేను అనలేను. ఒకసారి పేపరు నమ్మి మోసపోయిన మనిషి.

ఆఖరి వాక్యం తీసేసి రూప్లి వాంగ్మూలం మళ్లీ రాసి వేలిముద్ర వేయించాను. నివేదిక రాసే పనీ నాదే. నాకు ధైర్యం తక్కువ, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం మాత్రం ఒక పని చేశాను. ప్రసారమైంది వార్తే అని రాయాలంటే, అది వాస్తవ సంఘటన అని చూపించాలి. చూపించాను. ఇప్పుడు గుర్తున్నంతవరకు ఆ వాక్యం ఇది: "సదరు సోని ఉదయం పది గంటలకు ప్రాణాలతో, స్వయంగా నడుచుకుంటూ ఆసుపత్రికి చేరినట్లును, వాహనం అందుబాటులో లేనందున మధ్యాహ్నం రెండున్నర వరకు అక్కడే ఉండి మరణించినట్లును విచారణలో తేలినందున, ప్రసారమైనది కల్పిత గేయము కాదు, వాస్తవ సంఘటనను తెలియజేయు వార్త అని నిర్ధారించడమైనది." విచారణాధికారి చదివాడు. రెండోసారి చదివాడు. నా మొహం చూశాడు. సంతకం పెట్టాడు.

పైవాళ్లకు కావలసింది చివరి మూడు మాటలే. డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది. నా వాక్యం మొత్తం అందులో అట్లాగే దిగింది, కింద ఢిల్లీ గుండ్రటి ముద్ర. అనుమతి రద్దు. దవాఖానా రిజిస్టరులో మాత్రం రెండున్నర రెండున్నరగానే ఉంది. దాన్ని దిద్దమని ఎవరూ రాయలేదు, ఎవరూ దిద్దలేదు. కుర్చీల మీటింగు ఎవరిదో కూడా ఏ ఫైలులోనూ లేదు.

ఉత్తర్వు కాపీ అందించి సంతకం తీసుకోవడానికి రేడియో దగ్గరికి నేనే పోయాను. స్తంభానికి కట్టిన వైర్లు రాజేష్ విప్పుతున్నాడు. రూప్లి గడప మీద కూర్చుని ఉంది. మంగళవారం కాదు గానీ అద్దాల రైక వేసుకుంది. ఆమెకు కోపం ఉంటుందేమోనని భయపడ్డాను. చాయ్ తాగుతావా అని అడిగింది. కళ్యాణి కాగితం నిలబడే చదివింది. మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది. కళ్లు తుడుచుకుని, "నడువు యాడీ, చందూలాల్ మామ ఇంటికి పోదాం" అంది. నన్ను రమ్మనలేదు. నేనే వెంట నడిచాను.

దారిలో లాలును, పాపను పిలుచుకున్నారు. వాగులో నీళ్లు మోకాలి లోతు. చందూలాల్ వాకిట్లో పదిమంది పోగయ్యారు. ఈసారి తలుపు తెరిచే ఉంది. సోని తల్లి గడపలో నిలబడింది. కళ్యాణి ఉత్తర్వును ఒక్కో ముక్కా చదువుతూ వాళ్ల మాటలో చెప్పింది. మైకు లేదు, గొంతు పెంచి చదివింది. పది గంటలు అన్నచోట ఎవరో మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివింది. సోని తల్లి కిందికి దిగి వచ్చి రూప్లిని పట్టుకుంది.

చందూలాల్ కాగితం చేతిలోకి తీసుకుని ముద్రను బొటనవేలితో తడిమి చూశాడు.

"సర్కారే రాసిందా గిది?"

"సర్కారే రాసింది మామా."

"గీ ముక్క రాసినందుకు నీ రేడియో మూసిండ్రా?"

"కాదు మామా. నా రేడియో మూసేతందుకు గీ ముక్క రాసిండ్రు."

చందూలాల్ ముద్రను ఇంకోసారి చూశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లాలు చేతికిచ్చాడు.

"తడవకుంట దాయి. పొల్ల బడికి వోయినంక, దానితోనే సదివియ్యి" అన్నాడు.